అన్వేషణ – ఆప్తవాక్యం

విద్యార్థికి ఒక విషయం ఇచ్చి, దానిని గురించి అంతర్జాలంలో వెదకి, తెలుసుకొన్నదానిని ఒక వెబ్ పేజీగా కూర్చి నలుగురి ముందు ఉంచమనడం ఈనాటి పాఠశాలలలోను కళాశాలలలోను పరిపాటి అయింది. పైకి ఇది చేతిపని వంటిదిగా కనిపిస్తుంది. ఏ మాట టైపు చేస్తే ఏ పుట తెరుచుకొంటుందో, బొమ్మ ఎక్కడ అతకాలో, శీర్షిక ఎంత పెద్ద అక్షరాలలో ఉండాలో నేర్పడమే దీని ప్రయోజనమని ఉపాధ్యాయులలో కూడ చాలామంది భావిస్తారు. కాని నిదానించి చూస్తే ఇందులో ఒక ధర్మప్రశ్న ఇమిడి ఉన్నది. నిన్నటివరకు పాఠకుడుగా ఉన్న బాలుడు నేడు వక్త అవుతున్నాడు. తన కన్నులతో చూడనిదానిని, తన తాతముత్తాతల కాలంలో జరిగినదానిని, ముక్కుమొగం తెలియనివారికి 'ఇది ఇట్లా జరిగింది' అని చెబుతున్నాడు. అట్లా చెప్పే అధికారం అతనికి ఎక్కడినుండి వచ్చింది? ఏ నియమానికి లోబడి చెబితే ఆ మాట ధర్మసమ్మతం అవుతుంది? ఈ వ్యాసంలో విచారించదలచినది ఈ ప్రశ్ననే.

ఈ అభ్యాసం పుట్టి మూడు దశాబ్దాలు గడిచాయి. 1995లో అమెరికాలోని సాన్ డియాగో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన బెర్నీ డాడ్జ్, టామ్ మార్చ్ సహకారంతో 'వెబ్ క్వెస్ట్' అనే పద్ధతిని రూపొందించాడు. విద్యార్థిని అంతర్జాలమనే అడవిలోకి ఊరకే తోలివేయకుండా, ఒక ప్రశ్న ఇచ్చి, కొన్ని దారులు చూపి, దొరికినవాటిని తూచి తన సమాధానాన్ని తానే కట్టుకొనేటట్లు చేయడం దాని ఉద్దేశం. మరుసటి ఏడు 'థింక్ క్వెస్ట్' అనే పోటీ మొదలై, దేశదేశాల విద్యార్థులు జట్లుగా కూడి తోటి విద్యార్థుల కోసం పుటలు నిర్మించసాగారు. మన దేశంలో సామాన్య ప్రజలకు అంతర్జాలం అందినది 1995 ఆగస్టు 15న. రాయపూరు రాజధానిగా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినది 2000 నవంబరు 1న. 2020 ఏప్రిల్‌లో, కరోనా వ్యాధి కారణంగా బడులు మూతపడి ఉన్నప్పుడు, ఆ రాష్ట్ర ప్రభుత్వం 'పఢయీ తుంహర్ దువార్' అనే పేరుతో అంతర్జాల పాఠాలను ఆరంభించింది. చదువు మీ వాకిటికే వస్తున్నదని ఆ ఛత్తీస్‌గఢీ మాటకు అర్థం. చదువు వాకిటికి రావడం గొప్ప మేలు. ఐతే వాకిటికి వచ్చిన ప్రతి మాటను లోపలికి రానిచ్చేముందు 'నీ వెవరవు? ఎక్కడినుండి వస్తున్నావు?' అని అడగడం ఇంటివారి పని.

పూర్వం ఒక మాట పాఠకుని చేరాలంటే అనేక ద్వారాలు దాటవలసి ఉండేది. రచయిత, పరిష్కర్త, ప్రకాశకుడు, చివరకు పుస్తకాన్ని ఏ బీరువాలో ఏ వరుసలో ఉంచాలో నిర్ణయించే గ్రంథపాలకుడు, ఒక్కొక్కరు ఒక్కొక్క వాకిట కూర్చుండి దానిని పరీక్షించేవారు. కలకత్తాలోని ఇంపీరియల్ లైబ్రరీకి 1907లో మొదటి భారతీయ గ్రంథపాలకుడైన హరినాథ్ డే బాల్యం రాయపూరులోనే గడిచింది. ముప్పదినాలుగు భాషలు నేర్చినవాడని ఆయనకు ప్రసిద్ధి. అట్టివాడు వాకిట కూర్చుండగా లోనికి పోయిన పాఠకునికి సగం శ్రమ తగ్గేది. కాని ఆ ద్వారాలున్న గోడలను కూడ మరువరాదు. అడవిపల్లెలో పుట్టిన పిల్లవాడు కలకత్తా గ్రంథాలయం గడప తొక్కగలిగేవాడా? అతని పల్లెను గురించి ఏ పుస్తకంలోనైనా నాలుగు వాక్యాలు ఉండేవా? అంతర్జాలం ఆ గోడలను చాలవరకు కూల్చింది. గోడలతోపాటు ద్వారపాలకులు కూడ పోయారు. వారు చేస్తూ వచ్చిన పని మాత్రం పోలేదు. అది వెదకే ప్రతివాని నెత్తిన పడింది.

సామాన్యంగా చెప్పిన మాట మనసున నాటదు గనుక ఒక ఉదాహరణ తీసుకొందాం. రాయపూరులోని ఒక విద్యార్థిని వీర నారాయణ సింహుని గురించి పుట కూర్చవలసి వచ్చిందనుకొందాం. నారాయణ సింహుడు సోనాఖాన్ జమీందారు, బింఝ్వార్ తెగకు చెందినవాడు. ఆ ప్రాంతం నేడు బలౌదా బాజార్ జిల్లాలో ఉన్నది. 1856లో కరువు వచ్చి ప్రజలు అలమటిస్తుండగా ఆయన ఒక వర్తకుని ధాన్యపు కొట్టు తెరిపించి గింజలు పంచిపెట్టాడు. ఆ పని చేసి దాగుకొనలేదు, తానే రాయపూరు డిప్యూటీ కమిషనరుకు తెలియజేశాడని చరిత్రకారులు రాస్తారు. ప్రభుత్వం దానిని దోపిడి అన్నది. ఆయనను పట్టి రాయపూరు చెరలో పెట్టింది. 1857లో ఆయన చెర తప్పించుకొని సోనాఖాన్ చేరి, అనుచరులను కూడగట్టి పోరాడి, చివరకు చిక్కాడు. ఆ సంవత్సరం డిసెంబరు 10న రాయపూరులో ఆయనకు మరణదండన అమలు జరిగింది. నేడు నవా రాయపూరులోని పెద్ద క్రికెట్ క్రీడాప్రాంగణం ఆయన పేరనే ఉన్నది.

ఇంతవరకు విద్యార్థిని దారి సుగమం. తరువాతి వాక్యం దగ్గర ఆమె ఆగవలసి వస్తుంది. ఆయనను ఉరితీశారని కొన్ని రచనలు చెబుతున్నాయి. ఫిరంగికి కట్టి పేల్చారని మరికొన్ని చెబుతున్నాయి. 1987లో తపాలా శాఖ వెలువరించిన బిళ్ళ మీద ఫిరంగి ముందు బంధింపబడిన రూపమే ఉన్నది. ఒక మనిషి రెండు విధాల చావడు. ఆమె ఏమి రాయాలి?

ఆమె ముందు మూడు సులభమైన దారులున్నాయి. మొదట తెరుచుకొన్న పుటలో ఏది ఉంటే దానిని స్వీకరించి ముందుకు పోవడం ఒకటి. రెండింటిలో ఏది గుండెను ఎక్కువగా కదిలిస్తుందో దానిని ఎన్నుకొనడం రెండవది. ఎన్ని పుటలు ఏ పక్షం వహించాయో లెక్కించి, ఎక్కువ ఉన్నవైపు మొగ్గడం మూడవది. మూడవ దారి న్యాయంగా కనిపిస్తుంది గాని అదే అన్నిటికంటె ప్రమాదకరమైనది. ఒక పుటను చూసి రెండవది, రెండవదానిని చూసి పదవది రాసిన చోట పది మంది సాక్షులు లేరు. ఒక్క సాక్షి, తొమ్మిది ప్రతిధ్వనులు ఉన్నాయి. మన పెద్దలు దీనిని గొర్రెదాటు అన్నారు. ముందరి గొర్రె ఎందుకు దుమికిందో వెనుకటి గొర్రెకు తెలియదు. అంతర్జాలంలో ఈ దాటు కన్నుమూసి తెరిచేలోపల జరిగిపోతుంది గనుక, మందను చూసి మార్గమని భ్రమించడం మరింత సులువు.

నాలుగవ దారి ఒకటున్నది. అది సంశయాన్ని గౌరవించే దారి. మన న్యాయశాస్త్రం సంశయాన్ని దోషంగా ఎంచలేదు. గౌతముడు చెప్పిన పదహారు పదార్థాలలో ప్రమాణ ప్రమేయాల వెంటనే సంశయానికి స్థానం ఉన్నది. ఒకే వస్తువును గురించి పరస్పర విరుద్ధమైన మాటలు వినిపించడం సంశయానికి ఒక హేతువని ఆ శాస్త్రం చెబుతుంది. బొత్తిగా తెలియనిదాని విషయంలోను, నిశ్చయంగా తెలిసినదాని విషయంలోను న్యాయానికి పనిలేదని, సందేహం కలిగినచోటనే అది ప్రవర్తిస్తుందని భాష్యకారుడైన వాత్స్యాయనుడు వివరించాడు. ఈ దృష్టితో చూస్తే, ఉరికొయ్యకు ఫిరంగికి నడుమ ఆగిన విద్యార్థిని చదువులో వెనుకబడలేదు. ఆమె చదువు అక్కడనే మొదలైంది. అంతకుముందు ఆమె చేసినది ఏరుకొనడం మాత్రమే.

సంశయం తీరాలంటే ప్రమాణం కావాలి. చూడని సంగతులకు శబ్దమే ప్రమాణం, అనగా ఇతరుల మాట. ఐతే ఎవరి మాట? ఆప్తుని మాట అని న్యాయశాస్త్రం సమాధానం. ఆప్తుడెవడు? వయసు, కులం, పదవి ఆప్తలక్షణాలుగా చెప్పలేదు. విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి ఉండడం, ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పగోరడం, ఈ రెండే లక్షణాలు. ఈ లక్షణం ఋషికి, ఆర్యునికి, మ్లేచ్ఛునికి సమానమని వాత్స్యాయనుడు స్పష్టంగా చెప్పడం గమనింపదగినది. అన్ని వేల ఏండ్ల భేదబుద్ధి నడుమ, కనీసం సాక్ష్యం విషయంలో, మనుష్యులందరినీ ఒకే పీట మీద కూర్చుండబెట్టిన మాట అది.

ఈ రెండు లక్షణాలను చేతపట్టుకొని మన ఉదాహరణకు తిరిగి వద్దాం. తపాలా బిళ్ళను వెలువరించినవారు ఆ మరణాన్ని చూడలేదు. అది 1987లో ఒక దేశం తన వీరునికి చేసిన నమస్కారానికి సాక్ష్యం. 1857 డిసెంబరులో ఏమి జరిగిందనేదానికి సాక్ష్యం కాజాలదు. ఆనాటి ఆంగ్లాధికారుల ఉత్తరాలు సంఘటనకు దగ్గరివి. దండన విధించినవారికి దాని విధానం తెలియకపోదు. కాబట్టి మొదటి లక్షణం వారికి ఉన్నది. రెండవది ఉన్నదా? ఆకలిగొన్నవారికి గింజలు పంచినవానిని దొంగగా రాసుకొన్నవారు తాము ఎరిగిన ప్రతిదానిని ఎరిగినట్లే రాశారని నమ్మడానికి వీలులేదు. ఐనా ఏ విషయంలో దాచవలసిన అవసరం ఉన్నదో, ఏ విషయంలో లేదో విడదీసి చూడవచ్చు. తాము చేసిన పని న్యాయమని చూపడానికి వారు నేరాన్ని పెంచి రాసి ఉండవచ్చు. దండన జరిగిన తీరు మార్చి రాయడం వల్ల వారికి కలిగే లాభమేమిటో ఆలోచించవలసి ఉన్నది. ఇక మూడవది ప్రజల నోట నిలిచిన కథ. అది తరం మారినప్పుడల్లా కొంత మారి ఉంటుంది. అంతమాత్రాన దానిని తోసివేయరాదు. సర్కారు కాగితాలు ఆయనను నేరస్థుడన్న రోజులలో ఆయన వీరుడని గుర్తుంచుకొన్నది ఆ నోళ్ళే. మరణం ఎట్లా జరిగిందనేదానికి ఆ కథ బలహీనమైన ప్రమాణం కావచ్చు. ఆ మరణం ప్రజలకు ఏమైందనేదానికి దానిని మించిన ప్రమాణం లేదు.

ఇట్లా విడదీయగా ఒకే పుటలో మూడు రకాల వాక్యాలు ఏర్పడతాయి. ఇది జరిగినదని నిశ్చయించదగిన వాక్యం, ఇట్లా జరిగినదని ఫలానావారు చెబుతున్నారనే వాక్యం, ఇది ప్రజలు నమ్మేదనే వాక్యం. ఈ మూడింటికి మూడు స్వరాలుండాలి. మూడింటిని ఒకే స్వరంలో చెప్పడమే అంతర్జాలంలో సర్వత్రా కనిపించే దోషం. అందులో అబద్ధమాడాలన్న కోరిక ఉండనక్కరలేదు. తనకు తెలిసినదానికి, తాను విన్నదానికి మధ్య ఉన్న గీతను చెరిపివేస్తే చాలు, పాఠకుడు మోసపోతాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. పదునాలుగేండ్ల పిల్లల మీద ఇంత బరువు మోపడమా? వారు చరిత్రకారులా, నైయాయికులా? ఇంత కట్టుదిట్టం చేస్తే ఎవరూ నోరు విప్పరు గదా? ఈ ఆక్షేపణలో సత్యం ఉన్నది. ఆప్తుడు మాత్రమే మాట్లాడాలన్న నియమాన్ని మోటుగా అన్వయిస్తే పండితులు తప్ప అందరూ మౌనం వహించవలసి వస్తుంది. అప్పుడు ఛత్తీస్‌గఢీలో గాని, గోండీలో గాని, మన తెలుగులో గాని ఉన్న కొద్దిపాటి పుటలు కూడ ఉండవు. కూలిన గోడ తిరిగి లేస్తుంది.

కాని ఆప్తత్వం ఒకరికి జన్మతో వచ్చి అన్ని విషయాలలోను చెల్లే బిరుదు కాదు. అది ఆయా విషయానికి పరిమితమైనది. వైద్యుడు రోగం విషయంలో ఆప్తుడు, పడవవాడు ఏటి లోతు విషయంలో ఆప్తుడు. అట్లే పిల్లలు కూడ తాము చూసినదాని విషయంలో ఆప్తులే. రాయపూరులో బూఢా తాలాబ్ అనే పాత చెరువున్నది. దానికి వివేకానంద సరోవరమని పేరు పెట్టారు. 1877లో బాలుడైన నరేంద్రుడు తండ్రి ఉద్యోగం కారణంగా ఆ నగరానికి వచ్చి సుమారు రెండేండ్లు గడిపాడు. ఈ సంగతి విద్యార్థి ఇతరుల మాట మీదనే రాయగలడు. చెరువు గట్టున నేడు ఏమున్నదో, నీరు ఏ నెలలో ఏ మెట్టువరకు వస్తుందో, ముందు తరాలవారు ఆ నీటిని దేనికి వాడేవారో, తన అవ్వ దానిని ఏ పేరుతో పిలుస్తుందో రాయడానికి అతనికి మరొకరి అనుమతి అక్కరలేదు. అక్కడ అతడు వెళ్ళినవాడు, అడిగినవాడు, చూసినవాడు. అట్టి పుట లోకంలో ఉన్నదానిని తిరిగి వల్లించదు, లేనిదానిని చేర్చుతుంది. కాబట్టి విద్యార్థికి ఇచ్చే పనిలో సగం వెదకి తెచ్చేదిగా, సగం వెళ్ళి చూసేదిగా ఉండడం మేలు. స్వయంగా ఒక సంగతి చూసి రాసిన పిల్లవానికి, చూసినదానికి విన్నదానికి గల భేదం ఉపదేశం లేకుండానే తెలుస్తుంది.

ఇతరుల మాటను తేవడంలో వేరొక ధర్మసంకటం కలదు. 2011లో వికీమీడియా సంస్థ పుణే నగరంలోని కొన్ని కళాశాలలలో విద్యార్థుల చేత వికీపీడియాకు వ్యాసాలు రాయించే ప్రయోగం చేసింది. వందలాది విద్యార్థులు పాల్గొన్నారు. వారిలో చాలామంది ఇతర పుటలలోని వాక్యాలను ఉన్నవి ఉన్నట్లుగా ఎత్తి అతికించారు. వాటిని ఏరివేయలేక స్వచ్ఛందంగా పనిచేసే సంపాదకులు అలసిపోగా, ఆ ఏడు ముగియకముందే ప్రయోగాన్ని ఆపివేయవలసి వచ్చింది. ఆ విద్యార్థులను దొంగలనడం సులభం. చిన్ననాటినుండి పుస్తకంలోని వాక్యాన్ని తప్పకుండా అప్పగించినవానికే మార్కులు వేసిన చదువు, ఒక దినాన హఠాత్తుగా అదే పనిని నేరమన్నదనే సంగతి కూడ ఆలోచించాలి. ఐనా నేరం నేరమే. అది ఎవరి పట్ల జరిగిందో చెప్పవలసి ఉన్నది. వాక్యం పోగొట్టుకొన్నవాని కంటె, ఆ వాక్యం ఎవరిదో తెలియక నమ్మిన పాఠకునికి ఎక్కువ అపకారం జరిగింది. ప్రశ్నించవలసివస్తే ఎవరిని ప్రశ్నించాలో అతనికి తెలియకుండా పోయింది.

ఛత్తీస్‌గఢ్ నేల మీద పుట్టిన ఒక చిన్న కథ ఇక్కడ స్మరణీయం. మాధవరావు సప్రే 1900లో పెండ్రా నుండి 'ఛత్తీస్‌గఢ్ మిత్ర' అనే మాసపత్రికను ఆరంభించి, 1901లో అందులో 'ఏక్ టోక్రీ భర్ మిట్టీ' అనే కథ ప్రకటించాడు. హిందీలో వెలసిన తొలి కథలలో దానిని ఒకటిగా ఎంచుతారు. ఒక జమీందారు దిక్కులేని వృద్ధురాలి గుడిసెను ఆక్రమించుకొంటాడు. ఆమె పొయ్యి వేసుకొనడానికి ఆ నేలనుండి ఒక బుట్టెడు మట్టి అడిగి, బుట్టను ఎత్తిపెట్టమని ఆయననే కోరుతుంది. ఆయనకు అది లేవదు. ఒక్క బుట్టెడు మట్టినే మోయలేనివాడు ఆ నేలంతటి బరువును జన్మాంతం ఎట్లా మోస్తాడన్నదే ఆ వృద్ధురాలి ప్రశ్న. ఇతరుల వాక్యాలను ఆక్రమించుకొనేవానికి కూడ ఈ ప్రశ్న వర్తిస్తుంది. 'ఇది నీకెట్లా తెలుసు?' అని ఒక్క వాక్యం మీద వేలుపెట్టి అడిగితే దానిని ఎత్తలేనివాడు పుట నిండా అట్టి వాక్యాలను పరచి తన పేరు పెట్టుకొనడం ఎట్టి సాహసం!

అదే సప్రే మరొక దారిని కూడ చూపాడు. లోకమాన్య తిలకుని మరాఠీ 'గీతారహస్యం', సమర్థ రామదాసుని 'దాసబోధ' ఆయన చేతిమీదుగానే హిందీ పాఠకులకు అందాయి. అనువాదకుని ధర్మం విచిత్రమైనది. చెప్పే మాట అతనిది కాదు, చెప్పిన తీరుకు మాత్రం అతడే జవాబుదారి. మూలకర్త పేరును ముఖపత్రం మీద నిలిపి, ఆ మాట వెనుక తాను నిలబడతాడు. ఒక పదం సందేహాస్పదమైతే పది నిఘంటువులు తిరగవేస్తాడు. తీరని సందేహాన్ని తీరినట్లు నటించడు. అంతర్జాలంలో వెదకి పుట కూర్చే విద్యార్థి కూడ ఒక విధమైన అనువాదకుడే. ఇతరుల జ్ఞానాన్ని తన తోటివారి భాషలోకి, తన ఊరి భాషలోకి తెస్తున్నాడు. తెచ్చినది ఎవరిదో చెప్పడం, తెచ్చిన తీరుకు తాను పూచీపడడం, ఈ రెండు నియమాలు పాటించినంతవరకు అతని అధికారాన్ని ఎవరూ కాదనలేరు.

ఇటీవల ఈ ప్రశ్న మరింత తీక్ష్ణమైంది. 2022 చివర చాట్ జీపీటీ వెలువడినప్పటినుండి, వెదకవలసిన శ్రమ కూడ లేకుండా, అడిగినవెంటనే నిండు వాక్యాలలో సమాధానం కూర్చి ఇచ్చే యంత్రాలు విద్యార్థి చేతికి వచ్చాయి. నారాయణ సింహుడు ఎట్లా మరణించాడని అడిగితే అవి తడబడకుండా చెప్పగలవు. ఆ చెప్పినది నిజమే కావచ్చు. కాని ఆ వాక్యం వెనుక విషయాన్ని ఎరిగినవాడు లేడు, ఎరిగినట్లు చెప్పగోరినవాడు లేడు. అనేకుల మాటలు కరగి ఒక ముద్దగా వచ్చిన శబ్దం అది. మన పెద్దల శాఖాచంద్ర న్యాయం ఇక్కడ పనికివస్తుంది. చంద్రుని చూపడానికి కొమ్మను చూపవచ్చు, కొమ్మను చంద్రుడనుకొనరాదు. యంత్రం 'అటు చూడు' అన్నప్పుడు అటు చూడడంలో దోషం లేదు. చూడకుండా చూశానని రాయడంలో ఉన్నది.

చివరకు ఈ పుటలన్నీ ఏమవుతాయి? 'థింక్ క్వెస్ట్' నిర్వాహకులు 2013 జూలైలో ఆ సంస్థను మూసివేశారు. పదునేడేండ్లపాటు దేశదేశాల బాలబాలికలు శ్రమించి కట్టిన వేలాది పుటలు వాటి స్థానాలనుండి తొలగిపోయాయి. తాటాకు మూడు వందల ఏండ్లు ఉంటుంది, ఈ పుట ముప్పై ఏండ్లు ఉంటుందనే నమ్మకం లేదు. అట్లయితే ఇంత శ్రమ ఎందుకని కొందరు అడుగుతారు. శ్రమ పుట కోసమే అయితే ఆ ప్రశ్నకు సమాధానం లేదు. ఒక వాక్యం రాసేముందు 'ఇది నాకెట్లా తెలుసు?' అని ఆగిన మనసు ఏర్పడడమే ఫలమైతే, పుట చెరిగినా ఫలం చెరగదు. ఆ మనసు రేపు వార్త చదువుతుంది, ఓటు వేస్తుంది, ఇరుగుపొరుగును గురించి ఒక నింద విని దానిని పదిమందికి పంపాలా వద్దా అని నిర్ణయిస్తుంది. చేతిలోని ఫోను ప్రతి మనిషినీ ప్రకటనకర్తగా మార్చిన ఈ కాలంలో ఆ ఒక్క ప్రశ్న అడగని సమాజం ఎంత చదివినా గొర్రెదాటునుండి బయటపడదు.

మన విద్యార్థిని పుట ముగియలేదు. ఉరికొయ్య, ఫిరంగి రెండూ ఆమె ముందున్నాయి. ఆమె ఏ ఆధారాలు చూసిందో, ఏవి ఆమెకు అందలేదో చెప్పి, ఏది ఎక్కువ సంభావ్యమని తనకు తోచిందో, ఎందుకు తోచిందో రాసి, తరువాత వచ్చేవారు ఎక్కడినుండి మొదలుపెట్టాలో సూచించి ముగిస్తే ఆమె తన ధర్మాన్ని నెరవేర్చినట్లే. తాను చేసిన పనిని తానే పోయి అధికారికి చెప్పినవాడని పేరొందిన ఒక మనిషిని గురించి రాసే పుటకు అంతకంటె తగిన మర్యాద లేదు.